పాత కేసులు రెండు, కారులో ఒక పిస్టల్: ఫెడరల్ కోర్టులో ఏం లెక్క వేస్తారు?

మేకన్_రాజు
అందరికీ నమస్కారం. జార్జియాలో మేకన్ దగ్గర నాకో గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న స్టోర్ ఉన్నాయి. ఐదేళ్లుగా నైట్ షిఫ్ట్ చూసుకుంటున్న మనిషి ఒకడున్నాడు. ఇక్కడివాడే, ముప్ఫై ఆరేళ్లు. ఇన్నాళ్లలో గల్లా లెక్క ఒక్క డాలర్ తేడా రాలేదు. మొన్న వేసవిలో కారు వెనక లైటు వెలగడం లేదని పోలీసులు ఆపితే సీటు కింద పిస్టల్ దొరికింది. ముందు కౌంటీ జైలు, స్టేట్ కేసు, బెయిల్. రెండు నెలలయ్యాక స్టేట్ కేసు కొట్టేశారన్నారు, హమ్మయ్య అనుకున్నాం. అదే వారంలో ఫెడరల్ ఇండైట్‌మెంట్ (కేంద్రం పెట్టిన అభియోగం) వచ్చిపడింది.

పాత కేసులు రెండున్నాయి. ఇరవై ఏళ్ల వయసులో ఎవరి ఇంట్లోనో దూరి దొంగతనం చేశాడు. దానికి జైలు లేదు, ఏడేళ్ల ప్రొబేషన్ (బయటే ఉంటూ కోర్టు నిఘా) మాత్రమే. ఎనిమిదేళ్ల కిందట కొకైన్ అమ్ముతూ దొరికితే మూడేళ్ల శిక్ష పడింది, రెండేళ్లకు పైగా లోపల ఉన్నాడు. ఆ పిస్టల్‌తో ఎవరినీ బెదిరించలేదు, ఒక్కసారి పేల్చలేదు. ఇప్పుడు పదిహేనేళ్లు పడుతుందని వాళ్లమ్మ స్టోర్‌కి వచ్చి ఏడుస్తోంది. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కామారెడ్డి_క్రాంతి
అన్నా, ఒకే పిస్టల్‌కి స్టేట్ ఒకసారి, ఫెడరల్ ఒకసారి కేసు పెడితే ఎట్లా? ఒక తప్పుకి రెండుసార్లు విచారణ ఉండకూడదు కదా. లాయర్ ఆ పాయింట్ మీద కొట్టేయించొచ్చేమో.

కోర్టుపక్షి
కొట్టేయరు తమ్ముడూ. సరిగ్గా ఇదే సంగతి మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. గ్యాంబుల్ కేసు, 2019. అలబామాలో ఒకాయన్ని కారు హెడ్‌లైట్ పాడైందని ఆపారు, గన్ దొరికింది. పాత రాబరీ కేసు ఉంది. స్టేట్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, అదే గన్‌కి ఫెడరల్ వాళ్లు మళ్లీ కేసు పెట్టారు. రాష్ట్రం వేరే ప్రభుత్వం, కేంద్రం వేరే ప్రభుత్వం, ఎవరి చట్టం వాళ్లదే అని కోర్టు 7-2తో తేల్చేసింది. రాజుగారి మనిషికి స్టేట్ కేసు ఎలాగూ తీసేశారు కాబట్టి ఆ వాదనకు అసలు చోటే లేదు.

నేను లాయర్‌ని కాదు. డిఫెన్స్ లాయర్ల ఆఫీసులో పేపర్ వర్క్ చేస్తాను, ఇలాంటి ఫైళ్లు రోజూ నా టేబుల్ మీదే ఉంటాయి. మా ఆఫీసు జార్జియాలో కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

రాజుగారూ, ముందు ఒకటి అర్థం చేసుకోండి. ఫెడరల్ కోర్టులో పాత కేసుని ఒక్కసారి లెక్కపెట్టి వదిలేయరు. మూడు చోట్ల, మూడు వేరే కొలతలతో లెక్కపెడతారు. ఒకచోట పనికిరాని కేసు ఇంకోచోట పనికొస్తుంది. వాళ్లమ్మగారు విన్న పదిహేనేళ్ల మాట ఎక్కడిదో తెలియాలంటే మూడూ చూడాలి.

మొదటిది, అసలు కేసు పెట్టడానికి. 922(జి)(1) అనే సెక్షన్. ఏడాదికి మించి జైలు శిక్ష పడే అవకాశం ఉన్న నేరం రుజువైతే, ఇక ఆ మనిషి గన్ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఎంత శిక్ష పడింది అని చూడరు, ఎంత పడొచ్చు అన్నదే చూస్తారు. ప్రొబేషన్‌తో పోయిన ఆ ఇంటి దొంగతనం, అంటే బర్గ్లరీ కూడా ఇందులోకి వస్తుంది. ఎన్నేళ్లు గడిచినా వస్తుంది. దీనికి గరిష్ఠ శిక్ష 2022 జూన్ దాకా పదేళ్లు, ఆ నెలలో వచ్చిన కొత్త చట్టంతో పదిహేనేళ్లయింది. వాళ్లమ్మగారికి ఎవరో చెప్పిన పదిహేను ఇదే అయ్యుంటుంది. అది పైకప్పు. అంత పడుతుందని కాదు.

మిగతా రెండూ రాత్రికి రాస్తాను, ఇప్పుడు ఆఫీసులో ఉన్నా.

ఒంగోలు_సుబ్బారావు
అమ్మా, మీరు వివరంగా చెబుతున్నారు, సంతోషం. కానీ నాకర్థం కానిది, రెండుసార్లు నేరం చేసినవాడికి గన్ ఎందుకు? ఉండకూడదని తెలిసే కదా సీటు కింద దాచాడు. డల్లస్‌లో నా మోటెల్‌లో రెండుసార్లు గన్ చూపించి డబ్బు పట్టుకెళ్లారు. వాళ్లకీ పాత కేసులుండే ఉంటాయి. ఇలాంటి చట్టం గట్టిగా ఉండాల్సిందే.

మేకన్_రాజు
సుబ్బారావు గారూ, మీ బాధ నాకు తెలుసు, నా స్టోర్‌కీ ఆ అనుభవం ఉంది. అతను ఉండే పేటలో రాత్రి రెండింటికి షిఫ్ట్ దిగి ఇంటికెళ్లాలి. అందుకే పెట్టుకున్నానంటున్నాడు. సమర్థించడం లేదు, చెబుతున్నానంతే.

లక్ష్మి_ఫిల్లీ
ఆత్మరక్షణ కోసమన్నది ఈ సెక్షన్‌లో చెల్లదు రాజు గారూ. ఆ క్షణంలోనే ప్రాణం మీదికి వచ్చి లాక్కున్నాడంటే తప్ప, రోజూ కారులో పెట్టుకుని తిరిగినదానికి ఆ మాట పనిచేయదు.

సుబ్బారావు గారికి నా వైపు నుంచి ఒక మాట. మా పెన్సిల్వేనియాలో రేంజ్ అనే ఆయన 1995లో ఫుడ్ స్టాంపుల కోసం ఆదాయం తక్కువ చూపించి దొరికాడు. జైలుకి పోలేదు, ప్రొబేషన్. కాగితం మీద అది మిస్‌డిమీనరే (చిన్న నేరం), కానీ గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. దాంతో జీవితాంతం గన్ కొనకూడదన్నారు. కోర్టుకెళ్లాడు. మా వైపు అప్పీల్ కోర్టు 2023లో ఒకసారి, సుప్రీంకోర్టు వెనక్కి పంపాక 2024 డిసెంబర్‌లో ఇంకోసారి ఆయనవైపే చెప్పింది. మీ మోటెల్‌లో గన్ చూపించినవాడిని, ఫుడ్ స్టాంపుల ఆయన్ని ఈ సెక్షన్ ఒకే గాటన కడుతుంది. ఆ తీర్పు ఆయన ఒక్కడి వరకే అని కోర్టు జాగ్రత్తపడింది లెండి. కాలిఫోర్నియా వైపు అప్పీల్ కోర్టు 2025లో పూర్తిగా ప్రభుత్వం పక్షానే నిలబడింది.

చార్లెస్‌నది_చందు
ఒక్క నిమిషం. మిస్‌డిమీనర్ అయినా లెక్కకొస్తుందా? నాకు బోస్టన్‌లో 2016లో డీయూఐ (తాగి కారు నడిపిన కేసు) అయింది. కోర్టులో మిస్‌డిమీనరే అన్నారు. ఇప్పుడు సిటిజన్‌ని. షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం అలవాటైంది, ఒక గన్ కొందామనుకుంటున్నా. టెన్షన్ పెట్టకండి.

లక్ష్మి_ఫిల్లీ
టెన్షన్ పడాల్సిందే తమ్ముడూ. రాష్ట్రం మిస్‌డిమీనర్ అన్నదాన్ని ఫెడరల్ చట్టం వదిలేయాలంటే గరిష్ఠ శిక్ష రెండేళ్లకు మించకూడదు. మసాచుసెట్స్‌లో మొదటి డీయూఐకే గరిష్ఠం రెండున్నరేళ్లు. ఆ ఆరు నెలల తేడాతో అది ఈ సెక్షన్ కిందికి వచ్చేస్తుంది. చాలామందికి గన్ షాపులో కౌంటర్ దగ్గర నిలబడ్డాకే తెలుస్తుంది.

కానీ మీకు నిజంగా శిక్ష వేశారా, లేక అక్కడ చాలామంది మొదటి డీయూఐలకు చేసినట్టు తీర్పు ఇవ్వకుండా వాయిదా వేసి, ఏడాది సక్రమంగా ఉంటే కొట్టేశారా? రెండోదైతే మసాచుసెట్స్ చట్టం ప్రకారం నేరం రుజువైనట్టు కాదు. కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అది చేతికొచ్చేదాకా షాపులో 4473 ఫారం మీద సంతకం పెట్టొద్దు. అందులో ప్రశ్న స్పష్టంగానే ఉంటుంది: మీకు తక్కువ శిక్ష పడినా, ప్రొబేషన్ మాత్రమే పడినా, ఏడాదికి మించి పడే అవకాశం ఉన్న నేరమా అని. తెలిసి తప్పు జవాబు రాస్తే అదే వేరే ఫెడరల్ కేసు.

చార్లెస్‌నది_చందు
వాయిదా వేసి కొట్టేశారు, అదే గుర్తు. అయినా కాపీ తెప్పిస్తా. థాంక్స్ అక్కా.

ఫ్రిస్కో_ప్రవీణ్
టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పు వాయిదా వేయడం) కూడా ఇలాంటిదేనా? మా కజిన్‌కి ఒక ఫెలనీలో (పెద్ద నేరం కేసులో) అది ఇచ్చారు, పూర్తయింది. గ్రీన్ కార్డ్ మీద ఉన్నాడు.

కోర్టుపక్షి
గన్ సెక్షన్ వరకు, ఏ రాష్ట్రంలో కేసు నడిచిందో ఆ రాష్ట్ర చట్టం దాన్ని శిక్ష (నేరం రుజువైనట్టు) అంటుందా లేదా అన్నది చూస్తారు. టెక్సాస్‌లో డిఫర్డ్ పూర్తయితే మామూలుగా శిక్ష కింద రాదు. కానీ ఇమిగ్రేషన్ వాళ్ల లెక్క పూర్తిగా వేరు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక షరతు పెట్టాడంటే వాళ్లకది శిక్షే. గ్రీన్ కార్డ్ మనిషి మీద 922(జి)(1) రుజువైతే ఇమిగ్రేషన్ చట్టంలో అది అగ్రవేటెడ్ ఫెలనీ, జైలు నుంచి నేరుగా దేశం దాటించే పరిస్థితి. గన్ జోలికి పోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకైతే పాత కేసు లేకపోయినా 922(జి)(5) కింద గన్ నిషేధం ఉంది, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప.

సరే, రాజుగారి విషయానికి వస్తున్నా. రెండో లెక్క శిక్షా గైడ్‌లైన్స్. ఇదే అసలు సంఖ్య తేల్చేది.

నేరానికి ముందు ఒక స్థాయి సంఖ్య వేస్తారు. 922(జి) కేసులో అది మామూలుగా 14 దగ్గర మొదలవుతుంది. పాతవాటిలో హింస నేరం గానీ డ్రగ్స్ అమ్మిన నేరం గానీ ఒకటి ఉంటే 20. రెండుంటే 24. పిస్టల్‌కి పెద్ద మ్యాగజైన్ ఉంటే ఇంకా పైకి, సీరియల్ నంబర్ గీకేసి ఉంటే మళ్లీ పైకి. అతని పిస్టల్ నంబర్ చెక్కుచెదరకుండా ఉందా, మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు పడతాయి, ఈ రెండూ కనుక్కోండి. ఒక్కోటి ఏళ్లను మారుస్తుంది.

ఇక్కడో చిత్రం ఉంది. మీ మనిషి ఇంట్లో దూరి చేసినలాంటి బర్గ్లరీని 2016 ఆగస్టు దాకా గైడ్‌లైన్స్‌లో హింస నేరంగానే లెక్కపెట్టేవారు. ఆ నెలలో, గైడ్‌లైన్స్ రాసే కమిషన్ దాన్ని జాబితా నుంచి తీసేసింది. ఇక పాత కేసులకు వేసే పాయింట్లను బట్టి మనిషికి ఒక కేటగిరీ వస్తుంది. ఈ లెక్కలో వయసు మీరిన కేసులు రాలిపోతాయి. ప్రొబేషన్‌తో ముగిసినదైతే, శిక్ష వేసిన రోజు నుంచి కొత్త నేరం దాకా పదేళ్లు దాటితే దానికి పాయింట్ లేదు. ఏడాదీ ఒక నెలకు మించిన జైలు శిక్షకైతే పదిహేనేళ్ల గడువు, మూడు పాయింట్లు. కాబట్టి బర్గ్లరీ సున్నా, కొకైన్ కేసు మూడు. మూడు పాయింట్లంటే కేటగిరీ 2.

ఇక లెక్క: 20 నుంచి, నేరం ఒప్పుకుంటే మూడు తగ్గి 17. కేటగిరీ 2లో 17కి పట్టికలో 27 నుంచి 33 నెలలు. ఆ కొకైన్ కేసు అసలు లేకుంటే 14లోంచి రెండే తగ్గి (తక్కువ స్థాయిలకు మూడు తగ్గవు) 12, కేటగిరీ 1లో 10 నుంచి 16 నెలలు. బర్గ్లరీ బదులు డ్రగ్స్ కేసులే రెండుంటే, రెండిటికీ మూడేసి పాయింట్లుంటే, 46 నుంచి 57. మనిషీ అదే, పిస్టలూ అదే. 2005 నుంచి ఈ పట్టిక జడ్జిని కట్టిపడేయదు, కిందికీ పైకీ పోవచ్చు. కానీ వాదన మొదలయ్యేది ఆ సంఖ్య దగ్గరే.

కామారెడ్డి_క్రాంతి
అక్కా మూడో లెక్క మర్చిపోయారు.

కోర్టుపక్షి
మర్చిపోలేదు, చపాతీలు చేసుకోవాలి కదా.

మూడోది ఆర్మ్‌డ్ కెరీర్ క్రిమినల్ యాక్ట్, 1984 నాటిది. హింస నేరాలు గానీ పెద్ద డ్రగ్స్ నేరాలు గానీ మూడు ఉండి, ఆ మూడూ వేర్వేరు సందర్భాల్లో చేసినవైతే, కనీస శిక్షే పదిహేనేళ్లు. జడ్జికి జాలి కలిగినా తగ్గించలేడు. గరిష్ఠం యావజ్జీవం. ఇందులో గడువు లేదు, ముప్ఫై ఏళ్ల నాటి కేసైనా లెక్కే. ఇంకోటి, గైడ్‌లైన్స్ జాబితాలోంచి పోయిన బర్గ్లరీ ఈ చట్టంలో పేరుతో సహా అలాగే ఉంది.

మీ మనిషికి మహా అయితే రెండే, కాబట్టి ఇది అతనికి తగలదు. కానీ పాత రికార్డులో మీకు తెలియని మూడోది ఉందేమో లాయర్ తప్పక చూడాలి. నేను చూసిన ఒక ఫైల్‌లో క్లయింట్‌కే గుర్తులేని కేసు ఒకటి బయటపడింది.

సందర్భం అంటే ఏమిటన్న దాని మీదే పెద్ద గొడవ. మీ జార్జియాలోనే, డాల్టన్‌లో, 1997లో వుడెన్ అనే ఆయన ఇంకొందరితో కలిసి ఒకే రాత్రి ఒకే స్టోరేజ్ బిల్డింగ్‌లో వరసగా పది గదుల గోడలు పగలగొట్టి దొంగతనం చేశాడు. పది బర్గ్లరీ కేసులు. ఏళ్ల తర్వాత టెనెసీలో ఇంట్లో గన్ దొరికితే, పది కేసులు పది సందర్భాలని 188 నెలలు వేశారు. 2022లో సుప్రీంకోర్టు అది ఒక్క సందర్భమే అంది. 2024లో ఎర్లింగర్ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది: వేరే సందర్భాలా కాదా అన్నది జడ్జి పాత కాగితాలు చూసి తేల్చడానికి వీల్లేదు, జ్యూరీనే తేల్చాలని. ఎర్లింగర్ పాత కేసులు పిజ్జా షాపు, స్పోర్ట్స్ షాపు, రెండు రెస్టారెంట్లలో దొంగతనాలు. కొన్ని రోజుల వ్యవధిలో చేసినవి.

ఒంగోలు_సుబ్బారావు
పది గదులు పగలగొడితే ఒకటే సందర్భమా! మా ఊళ్లో అయితే పది ఎఫ్ఐఆర్‌లు రాసేవారు. సరే, నాకో సందేహం. ఇండియాలో శిక్ష పడినవాడు ఇక్కడికొచ్చి సిటిజన్ అయితే?

లక్ష్మి_ఫిల్లీ
ఇండియా శిక్ష ఈ సెక్షన్‌కి లెక్కలోకి రాదండీ. 2005లో స్మాల్ అనే ఆయన కేసు. జపాన్‌లో గన్ స్మగ్లింగ్‌కి ఐదేళ్ల శిక్ష పడినవాడు పెన్సిల్వేనియాకి వచ్చి గన్ కొన్నాడు. చట్టంలో ఏదైనా కోర్టు అని ఉంది కదా అని ప్రభుత్వం వాదించింది. ఏదైనా అంటే ఈ దేశపు కోర్టులని సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఫారాల్లో ఇండియా కేసు దాచొద్దు. అక్కడ అడిగే ప్రశ్న వేరు.

ఇండియాలో పద్ధతి వేరు. హింస నేరానికి జైలు పడినవాడికి శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం లైసెన్స్ ఇవ్వకూడదు. ఇక్కడ ఫెడరల్ చట్టంలో అలాంటి గడువే లేదు. క్షమాభిక్ష వస్తేనో, ఆ శిక్ష రద్దయితేనో, రాష్ట్రం హక్కులు తిరిగిస్తేనో తప్ప.

మేకన్_రాజు
అందరికీ చాలా థాంక్స్. ఇంకో ప్రశ్న. ట్రయల్‌కి వెళ్తే జ్యూరీకి ఈ పాత కేసులు చెబుతారా? డ్రగ్స్ అమ్మాడని వింటే వాళ్ల మనసు అక్కడే ముగిసిపోతుంది కదా.

కోర్టుపక్షి
దానికో దారి ఉంది. 1997లో ఓల్డ్ చీఫ్ అనే తీర్పు వచ్చింది. అలాంటి శిక్ష ఒకటి ఉందని డిఫెన్స్ ముందే రాసి ఒప్పుకుంటే, ఆ నేరం పేరేమిటో ప్రభుత్వం జ్యూరీ ముందు చదవకూడదు. జ్యూరీ వినేది ఒక్క వాక్యం: ఇతనికి ఏడాదికి మించి శిక్ష పడదగిన నేరం గతంలో రుజువైంది. ఇక పిస్టల్‌ని అతను తెలిసే దగ్గర పెట్టుకున్నాడని, అది ఒకసారైనా రాష్ట్రం సరిహద్దు దాటిందని, తనకలాంటి శిక్ష ఉందని అతనికి తెలుసని నిరూపించాలి. ఆ చివరిది 2019లో రెహైఫ్ కేసుతో చేరింది. రెండేళ్లు లోపలున్నవాడు నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. సరిహద్దు సంగతీ అంతే, ఏటీఎఫ్ (గన్ కేసులు చూసే ఫెడరల్ విభాగం) ఏజెంట్ వచ్చి ఈ మోడల్ ఫలానా చోట తయారైందని చెప్పి పది నిమిషాల్లో దిగిపోతాడు. మీ జార్జియాలో స్మిర్నాలోనే గ్లాక్ పిస్టళ్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఎక్కడ తయారైందో లాయర్ ఒకసారి అడగొచ్చు, పోయేదేం లేదు.

మీరు లాయర్ని వెంటనే అడగాల్సింది ఇంకోటి. ఆ బర్గ్లరీ జార్జియా ఫస్ట్ అఫెండర్ చట్టం (మొదటిసారి తప్పు చేసినవాళ్లకు ఉన్నది) కింద నడిచిందా? నడిచి, ప్రొబేషన్ సవ్యంగా ముగిసుంటే అసలు శిక్షే కాదు.

రాజుగారూ, మీ కౌంటర్ కింద గన్ ఉంటుందా?

మేకన్_రాజు
ఉంటుంది. లైసెన్స్ ఉన్నదే, నాది. కౌంటర్ కింద రెండో డ్రాయర్‌లో, లాటరీ టికెట్ల కట్టల వెనక. నైట్ షిఫ్ట్ వాళ్లందరికీ తెలుసు.

కోర్టుపక్షి
దాన్ని ఇవాళే తీసేయండి, లేదా మీ వేలిముద్రతో మాత్రమే తెరుచుకునే సేఫ్‌లో పెట్టండి. చేతిలో ఉంటేనే కాదు, కావాలంటే అందుకుని వాడగలిగే చోట ఉన్నా దగ్గరున్నట్టేనని వాదిస్తారు. పాత కేసు ఉందని తెలిసిన మనిషికి మీరు గన్ అందించారన్న మాట వస్తే మీ మీదే 922(డి) కింద కేసు, దానికీ గరిష్ఠం పదిహేనేళ్లే. పాత కేసులున్నవాళ్లకు పని ఇవ్వడం మంచి పనే, మానొద్దు.

మేకన్_రాజు
*(మూడున్నర నెలల తర్వాత)*
చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. కోర్టు ఇచ్చిన ఫెడరల్ డిఫెండరే చూస్తున్నారు, ఓపికగల మనిషి. బర్గ్లరీ ఫస్ట్ అఫెండర్ కింద కాదట, ఆ ఆశ పోయింది. సీరియల్ నంబర్ బాగానే ఉంది, మామూలు మ్యాగజైనే. నేరం ఒప్పుకున్నాడు. శిక్ష వేసేముందు జడ్జి కోసం ప్రొబేషన్ ఆఫీసర్ రాసిన రిపోర్ట్ డ్రాఫ్ట్ వచ్చింది. అందులో బర్గ్లరీకి ఒక పాయింట్ వేశారు, మొత్తం నాలుగు, కేటగిరీ 3 అని. మీరు సున్నా అన్నారు కదా అక్కా?

కోర్టుపక్షి
ఏ తేదీ వేశారో చూడండి. శిక్ష వేసిన తేదీ వేశారా, ప్రొబేషన్ ముగిసిన తేదీ వేశారా?

మేకన్_రాజు
లాయర్‌కి ఫోన్ చేశా. ముగిసిన తేదీ పట్టుకున్నారట. అది చూస్తే తొమ్మిదేళ్లే, శిక్ష వేసి పదహారేళ్లు. ఆయన అభ్యంతరం రాసి పంపారు.

కోర్టుపక్షి
మంచిది, అభ్యంతరానికి పద్నాలుగు రోజులే గడువు. కేటగిరీ 3లో 17కి 30 నుంచి 37 నెలలు, కేటగిరీ 2లో 27 నుంచి 33. ఆ ఒక్క పాయింట్ ఖరీదు అంత. ఫెడరల్‌లో పెరోల్ లేదు, మంచి నడవడికకు ఏడాదికి 54 రోజుల దాకా తగ్గుతుంది.

అతని యజమానిగా మీరు ఒక లెటర్ ఇవ్వొచ్చు. దాన్ని జడ్జిగారి పేరు మీద రాయండి, కానీ కోర్టుకి పంపకండి, లాయర్ చేతికివ్వండి. కేసు గురించి వాదించొద్దు, పిస్టల్ ఊసే వద్దు. ఐదేళ్లలో గల్లా లెక్క, రాత్రి షిఫ్టులు, బయటికొచ్చాక ఉద్యోగం ఉంటుందా లేదా, ఇవి రాయండి. ఒక పేజీ దాటొద్దు.

మేకన్_రాజు
ఉద్యోగం ఉంటుంది. అదే మొదటి వాక్యంగా రాస్తున్నా.